ఎందుకు? ఎట్లా?: కంప్యూటరు కొనాలా, కూర్చుకోవాలా?

మధిర నుంచి ఎనిమిదో తరగతి చదివే పాఠకుడు అడుగుతున్నాడు: "మిర్చి అమ్మిన డబ్బులో మా నాన్నగారు కంప్యూటరు కోసం కొంత తీసిపెట్టారు. తయారైనదే ఖమ్మంలో కొందామంటారు. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో భాగాలు కొని, ఇంట్లోనే కూర్చుదామంటాడు మా అన్నయ్య. ఏది మంచిది?"

పిల్లలూ, ఒకప్పుడు ఈ రెండు దారులూ మన దేశం ముందు కూడా ఉండేవి. 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థ బ్రిటన్ నుంచి ఒక కంప్యూటరును కొని తెచ్చింది. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ వారు మాత్రం సొంతంగా కట్టటానికి పూనుకున్నారు. టిఫ్రాక్ అనే ఆ యంత్రం 1960లో పనిలోకి వచ్చింది. తరవాత 1967లో హైదరాబాదులో వెలిసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, 1969లో టి.డి.సి. 12 అనే కంప్యూటరును వెలువరించింది. కొన్నవారికి పని త్వరగా మొదలయింది. కట్టినవారికి యంత్రం లోపలి కిటుకు తెలిసింది.

ఇంట్లో కూర్చటం అంత కష్టం కాదు. భాగాలన్నీ తయారయ్యే వస్తాయి. మనం చేసేది బండికి ఇరుసూ, చక్రాలూ అమర్చటం వంటిది. లెక్కలు చేసేది ప్రాసెసరు. భాగాలన్నిటినీ కలిపేది మదర్‌బోర్డు. చేస్తున్న పనిని అప్పటికి గుర్తుంచుకొనేది ర్యామ్. చేసినదాన్ని దాచేది ఎస్.ఎస్.డి. కరెంటును తగినట్టు మార్చి అన్నిటికీ పంచేది ఎస్.ఎం.పి.ఎస్. ఇవి ఒకదానికొకటి సరిపడాలి. ఇరుసుకు పట్టని చక్రం ఎంత గట్టిదైతేనేం? ఇంటెల్ ప్రాసెసరు ఎ.ఎం.డి. మదర్‌బోర్డులో కూర్చోదు. డి.డి.ఆర్. 4 ర్యామ్ డి.డి.ఆర్. 5 గాడిలో దిగదు.

ముందు ఒక కాగితం మీద రెండు లెక్కలూ పక్కపక్కన వెయ్యండి. భాగాల లెక్కలో మానిటరూ, కీబోర్డూ, మౌసూ మరవకండి. విండోస్ కావాలంటే దాని ధర కూడా వెయ్యాలి, లినక్స్ ఉచితమే. కరెంటు పోయినప్పుడు ఆదుకొనే యు.పి.ఎస్. రెండు లెక్కల్లోనూ ఉండాలి. పాఠాలకూ, ఉత్తరాలకూ, పొలం లెక్కలకూ అయితే విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు.

కాని ఈ కాగితం మీద కనిపించని ఖర్చు ఒకటున్నది. ఒక రోజు కంప్యూటరు వెలగదనుకోండి. తయారైనదానికి పూచీ ఒకే కంపెనీది. వారికి కబురు చేస్తే సరి. కూర్చినదానికి ఏ భాగం పూచీ ఆ భాగానిదే. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు. చెడినది ర్యామా, ఎస్.ఎం.పి.ఎస్.ా అన్నది మీరే కనిపెట్టాలి. తరవాత దాన్ని తీసుకుని రైలెక్కాలి. అయితే, ఆ తెలివి ఉన్న ఇంట్లో చెడిన ఒక్క భాగాన్నే మార్చుకోవచ్చు. నాలుగేళ్ళ తరవాత ర్యామ్ పెంచుకోవచ్చు. తయారైన చిన్న పెట్టెల్లో కొన్నిటికి ఆ వీలుండదు.

కాబట్టి అసలు ప్రశ్న ఇది: "చెడితే ఎవరు చూస్తారు?" అన్నయ్య ఇంకో ఏడాది రెండేళ్ళు ఇంట్లోనే ఉండి, నీకు కూడా నేర్పేట్టయితే కూర్చుకోండి. చదువుకు వేరే ఊరు వెళ్ళిపోయేట్టయితే నాన్నగారి మాటే మేలు. లేదా నమ్మకమైన దుకాణదారు చేతనే కూర్పించి, బాగుచేసే పూచీ బిల్లు మీద రాయించుకోవచ్చు.

కూర్చేవారికి రెండు జాగ్రత్తలు. అన్నిటికన్నా చవక ఎస్.ఎం.పి.ఎస్.ను ఏరుకోకండి, అది పాడైతే మిగతావాటినీ పాడుచెయ్యవచ్చు. దాని పెట్టెను ఎన్నడూ విప్పకండి. తీగ పీకేసినా లోపల కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. పెద్దవాళ్ళు పక్కన ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి.