కష్టమైన లెక్క వస్తే భయపడకు బిడ్డా!



మెరిట్, మెరిట్ అని మన చెవులు చిల్లులు పడేటట్టు చెప్తరు. ఆ మెరిట్‌ను తూచే తరాజు ఎట్ల పనిచేస్తదో మన వాడకు వచ్చి ఎవరన్నా చెప్పిండ్రా?

నా దగ్గర పదో తరగతి చదివిన ఒక పిల్ల ఉన్నది. జనగామ దగ్గరి ఊరు. తల్లి పత్తి ఏరబోతది. బీటెక్ అయినంక అమెరికా చదువు కోసం పోయినేడు జీఆర్‌ఈ రాసింది. ఫీజు ఇరవై వేల పైమాటే. తల్లి కమ్మలు కుదువపెట్టింది. పరీక్ష గది నుంచి బయటికొచ్చి ఫోన్ చేసి ఒక్కటే ఏడుపు. "సార్, మొదటి లెక్కలు మంచిగనే చేసిన. రెండోసారి వచ్చినయి చూస్తే తల తిరిగింది. ఇది మనతోని కాదనుకున్న. తప్పయితే మార్కులు కోస్తరని ఆరు లెక్కలు ముట్టనే లేదు."

నేను ఓదార్చిన గానీ నాకూ సంగతి తెల్వదు. ఆ రాత్రి కూర్చొని చదివితే తెలిసింది. ఆ కష్టమైన లెక్కలు ఆమె మొదటివి మంచిగ చేసినందుకే వచ్చినయి! ఆ పరీక్షల తప్పు జవాబుకు మార్కులు కొయ్యనే కొయ్యరు!

ఎట్లనో వినుండ్రి. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్‌ఈల లెక్కలు 27, ఇంగ్లీషు ప్రశ్నలు 27, అవిగాక ఒక వ్యాసం. లెక్కలు రెండు విడతలు: ముందు 12, తర్వాత 15. మొదటి విడత ఎట్ల చేసినవో చూసి కంప్యూటర్ రెండో విడతను ఎంచుతది. మంచిగ చేస్తే కష్టమైనది, చేయకుంటే అల్కటిది. ఇంగ్లీషు కూడా అంతే. స్కోరు 130 నుంచి 170 దాకా. సరైన జవాబులు ఎన్నో లెక్కబెట్టి, ఏ విడత ఎంత కష్టమో చూసి స్కోరు కడుతరు. ఇద్దరికి 18 చొప్పున సరైనా, కష్టమైనది రాసినోళ్లకు ఎక్కువ వస్తది. చదునుల మోసిన బస్తా, గుట్టెక్కి మోసిన బస్తా ఒక్కటేనా?

మనకు అలవాటైన పరీక్షలు వేరు. ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదనే, కానీ ఆ పూట రాసేటోళ్లందరికీ పేపరు ఒక్కటే. జేఈఈ మెయిన్‌ల తప్పుకు ఒక మార్కు కోస్తరు. ఆ భయమే మా పిల్లను ముంచింది. ఇంకొందరు సీనియర్లు ఒకసారి దాటిన ప్రశ్నకు వెనక్కి పోరాదని చెప్తరు. అది 2011కు ముందటి మాట. ఇప్పుడు ఆ విడత అయ్యేదాకా వెనక్కి పోవచ్చు, జవాబు మార్చుకోవచ్చు. ఖాళీగ మాత్రం ఒక్కటి కూడా వదలొద్దు.

పరీక్ష పెట్టే ఈటీఎస్ సంస్థ ఇవేవీ దాచలేదు. బాజాప్తా రాసిపెట్టింది, ఇంగ్లీషుల. కంప్యూటర్‌కు కులం తెల్వదు, నిజమే. కానీ అమెరికాల మేనమామ ఉన్న పిల్లగానికి ఈ ముచ్చట అన్నం తినేకాడనే తెలుస్తది. మన పిల్లకు కమ్మలు పోయినంక తెలిసింది. ఇంట్ల కూర్చొని రాసే వీలు కూడా ఉన్నదట. తలుపేసుకొని ఒక్కరే ఉండాలె, ఇంకెవరూ లోపలికి రావొద్దట! ఒక్క అర్ర ఇండ్లల్ల అదెట్ల సాధ్యం?

పదో తరగతే దాటలేని పిల్లలుంటే ఈ అమెరికా ముచ్చట ఎందుకని మన కార్యకర్తలే కొందరు అంటున్నరు. 1913ల బాబాసాహెబ్ కొలంబియాకు పోయింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదనే గదా! ఇయ్యాల ఆయన పేరు మీద 20 లక్షల విదేశీ విద్యానిధి ఉన్నది. దానికి ఈ స్కోరే అడుగుతరు. పరీక్ష ఫీజు సర్కారు ముందుగాలనే కట్టాలె. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి హాస్టళ్లల్ల ఈ పద్ధతి తెలుగుల చెప్పించాలె. కలెక్టర్లకు ఇచ్చే దరఖాస్తులల్ల ఈ రెండూ రాయుండ్రి.

21 రోజులు దాటితే మళ్ల రాయొచ్చు. మా పిల్ల రాస్తానంటున్నది. ఫీజు కోసం మేం ఐదుగురు టీచర్లం ఐదేసి వేలు వేసినం.