చిట్టెలుక ఋణం

ఎలుక మన ఇళ్ళలో రెండు సందర్భాల్లోనే తలపుకు వస్తుంది. వినాయక చవితినాడు స్వామి పాదాల దగ్గర కూర్చుంటే దణ్ణం పెడతాం. మర్నాడు అదే జీవి బియ్యం బస్తా కొరికితే బోను పెడతాం. ఇవి కాక, అది మనకు చేస్తున్న కొలువు మరొకటి ఉన్నదని చాలామంది ఎరుగరు.

మొన్న వానల్లో మా అమ్రాబాదులో డెంగీ మాట వినబడింది. నల్లమల గుట్టల మీది ఊరు. నీళ్ళ కటకట ఎరిగిన ఇళ్ళు. గోలెం నిండా నీళ్ళు పట్టి దాచుకోవడం అలవాటు. డెంగీ దోమ గుడ్లు పెట్టేదీ అటువంటి నిలవ నీళ్ళలోనే! ఆ కబుర్లలోనే పక్కింటి అవ్వతో, ఇటువంటి జ్వరాల గుట్టు చాలావరకు ఎలుకల వల్లనే బయటపడిందన్నాను. ఆవిడ బుగ్గన వేలు పెట్టుకుని, "గదేంది సారూ! దోమ కుట్టేది మనల్ని, జరమొచ్చేది మనకు. నడుమ ఎలుకకేం పని?" అన్నది.

న్యాయమైన ప్రశ్నే. ఎల్లో ఫీవర్ అని ఒక జ్వరం ఉంది. అదీ దోమ తెచ్చిపెట్టేదే. ఆఫ్రికా, అమెరికా ఖండాల్లో ఎందరినో పొట్టన పెట్టుకుంది. దాని వైరస్‌ను పరీక్షించాలంటే ఒకప్పుడు కోతులే గతి. కోతుల్ని కొని సాకడం మాటలా! 1930లో మాక్స్ థైలర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ వైరస్‌ను తెల్ల చుంచెలుకల మెదడులోకి ఎక్కిస్తే వాటికి జబ్బు చేస్తుందని చూపించాడు. దానితో దారి సుగమమైంది. ఈ పనిలో ఆయనకే ఆ జ్వరం అంటుకుని, అదృష్టం కొద్దీ తేరుకున్నాడు. 1937 నాటికి టీకా సిద్ధమైంది. 1951లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది.

డెంగీ వైరస్‌ను కూడా 1943లో జపాను శాస్త్రజ్ఞులు హోట్టా, కిమురా పాలు తాగే చుంచుపిల్లల్లోనే పట్టుకున్నారు.

ఇక మన పసిపిల్లల్ని పీడించిన మెదడువాపు జ్వరం సంగతి. మన దేశంలో దాన్ని 1955లో వెల్లూరులో గుర్తించారు. ఎలుకల మెదళ్ళలో వైరస్‌ను పెంచి, చంపి చేసిన టీకాయే చాలాకాలం దిక్కు. కసౌలీలో తయారు చేసేవారు. తరువాత తెలుగు మాట బాగా వినిపించే కోలారులో 1981లో దొరికిన వైరస్‌తో హైదరాబాదులోని భారత్ బయోటెక్ వారు 2013లో కొత్త టీకా తెచ్చారు. దీన్ని ప్రయోగశాలలో పెంచిన కణాల్లో చేస్తారు. ఎలుక మెదడుతో పని లేదు.

అయితే ఎలుక చెప్పిందల్లా వేదం కాదు. ఎదిగిన మామూలు ఎలుకకు డెంగీ సరిగా రాదు. దాని ఒంట్లోని ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం వైరస్‌ను అణిచేస్తుంది. అందుకని ఆ రక్షణ పనిచేయని ఎలుకల్ని ప్రత్యేకంగా పుట్టించి పరీక్షిస్తున్నారు. కావలివాణ్ణి తప్పించి దొంగ పోకడ చూడడం వంటిదిది. దొంగ దారులు తెలుస్తాయి కాని, కావలి ఉన్న ఇంట్లో ఏమవుతుందో పూర్తిగా తెలియదు. కనుక "ఎలుకల్లో నయమైంది" అన్న వార్త చూసి మందుల దుకాణానికి పరుగెత్తకండి. మనుషుల మీద పరీక్ష ముగిసేదాకా అది ఆశ మాత్రమే.

మరి ఆ మూగజీవుల ఉసురు? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఇటువంటి ప్రయోగాల మీద అదుపు ఉంది, అనుమతి తప్పనిసరి. బాధ తగ్గించాలి, వీలైతే జీవుల్ని వాడకుండానే పని జరుపుకోవాలి అన్నది నేటి నీతి. అయినా మన బిడ్డ ప్రాణం నిలవడానికి ఎక్కడో కొన్ని చుంచుపిల్లలు ప్రాణం ఇచ్చాయన్న మాట మరవరానిది.

ఆ ఋణం తీర్చే ఉపాయం ఒకటి ఆడవాళ్ళ చేతుల్లోనూ, అంతకన్న ఎక్కువగా కుర్చీ దిగని మగవాళ్ళ చేతుల్లోనూ ఉంది. వారానికొకమారు గోలెం ఖాళీ చేసి, అడుగూ అంచులూ పీచుతో రుద్ది, ఎండనివ్వడం. గుడ్డు దోమ కావడానికి వారం పైచిలుకు పడుతుంది. ఆ లోపలే తోమేస్తే ఏ ప్రయోగశాలతోనూ పని పడదు.