వేసవి సెలవుల్లో శ్రీలంకకా? తూర్పు తీరానికి పదండి

తెలుగు కుటుంబాలకూ, ట్రావెల్ ఏజెన్సీలకూ విజ్ఞప్తి

ఏటా ఏప్రిల్ చివరి వారంలో మన రెండు రాష్ట్రాల బడులకు సెలవులు ఇస్తారు. మళ్లీ బడి గంట మోగేది జూన్ రెండో వారంలో. బడికెళ్లే పిల్లలున్న ఇంట్లో విదేశీ ప్రయాణం ఏదైనా ఎక్కువగా ఆ ఏడు వారాల్లోనే కుదరాలి. విమానంలో కూర్చునే సమయం తక్కువ, తిండి మనకు దగ్గర, రామాయణంతో ముడిపడ్డ ఊళ్లు ఉన్నాయి కాబట్టి చాలామంది శ్రీలంకను ఎంచుకుంటారు. ఆ ఎంపిక మంచిదే. ఆ దేశంలో ఏ వైపుకు వెళ్తున్నామన్న దగ్గరే పొరపాటు జరుగుతోంది. కొలంబో, క్యాండీ, నువర ఎలియా, బెంటోటా అంటూ ఏడాది పొడవునా ఒకటే ప్యాకేజీ అమ్ముతున్నారు. జనవరిలో అది చక్కని ప్రయాణం. మే నెలాఖరులో అదే డబ్బు పెట్టి వెళ్లిన కుటుంబం ముసురు పట్టిన కొండలనూ, దిగవద్దని ఎర్రజెండా పాతిన సముద్రాన్నీ చూసి హోటల్ గదికి చేరుకోవలసి వస్తుంది. అవే రోజుల్లో ద్వీపానికి అవతలి వైపు, త్రింకోమలీ నుంచి అరుగం బే దాకా ఎండ కాస్తూ ఉంటుంది, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అందుకే వేసవి సెలవుల్లో శ్రీలంక వెళ్లే తెలుగు కుటుంబాలు తూర్పు తీరాన్ని ఎంచుకోవాలనీ, మే, జూన్ నెలలకు పడమటి తీరం ప్యాకేజీ అమ్మడం ఏజెన్సీలు మానుకోవాలనీ కోరుతున్నాం.

దీనికి కారణం ఆ దేశపు నేల తీరులోనే ఉంది. శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. కానీ నడిబొడ్డున కొండల గుంపు లేచి నిలబడింది. వాటిలో ఎత్తయిన పిదురుతలాగల 2,524 మీటర్లు. నైరుతి రుతుపవనాలు మన దగ్గరికి వచ్చేలోపే, మామూలుగా మే చివర్లో, ఆ ద్వీపాన్ని తాకుతాయి. సముద్రం మీది తేమనంతా మోసుకొచ్చిన గాలులు కొండల పడమటి వాలు ఎక్కుతూ అక్కడే కురిసిపోతాయి. నైరుతి భాగంలో ఏడాదికి 2,500 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది, కొన్ని కొండవాలుల మీద 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. హైదరాబాదులో ఏడాదంతా పడేది సుమారు ఎనిమిది వందల మిల్లీమీటర్లేనని గుర్తు చేసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. తేమ కోల్పోయిన గాలి కొండ దిగి తూర్పు జిల్లాలకు పొడిగా, వేడిగా చేరుతుంది. అక్కడి తమిళులు దాన్ని కచ్చాన్ గాలి అంటారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పున వానలు తక్కువ. అక్టోబరు దాటాక కథ తిరగబడుతుంది. ఈశాన్య రుతుపవనాలు అటు నుంచి వచ్చి నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో తూర్పు పొలాలను నింపుతాయి. ఆ నీటి మీదే అక్కడి పెద్ద పంట ‘మహా’ వరి పండుతుంది. అప్పుడు పడమర, దక్షిణ తీరాల్లో సముద్రం శాంతిస్తుంది, మిరిస్సా నుంచి తిమింగలాలను చూడ్డానికి పడవలు బయల్దేరతాయి. అంటే శ్రీలంకలో రెండు వైపులకు రెండు వేర్వేరు సీజన్లు ఉన్నాయి. మన పిల్లల వేసవి సెలవులు పడేది తూర్పు సీజన్‌లో.

సరదా చెడడం ఒక్కటే సమస్య అయితే ఇంత గట్టిగా చెప్పనక్కర్లేదు. నైరుతి జిల్లాల్లో మే నెల ప్రాణాలు తీసిన చరిత్ర ఉంది. 2003 మేలోనూ, 2017 మేలోనూ రత్నపుర, మాతర, కలుతర వైపు వరదలకూ విరిగిపడిన కొండచరియలకూ ఒక్కోసారి రెండు వందల మందికి పైగా బలయ్యారు. 2016 మేలో కేగల్లె జిల్లా అరనాయక దగ్గర కొండ కూలి ఊళ్లను కప్పేసింది. కొండల్లో ప్రమాదం మే నెలకే పరిమితం కాదన్నదీ నిజమే. 2025 నవంబరు చివర్లో వచ్చిన దిత్వా తుపాను వందల మందిని పొట్టన పెట్టుకుంది, టీ తోటల మధ్య సాగే పేరున్న రైలు మార్గాన్ని దెబ్బతీసింది. కాబట్టి కొండ రైలు టిక్కెట్టు ఏ నెలలో కొన్నా, ముందు ఆ దారి పూర్తిగా తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. ఏటా ఒకే వేళకు వచ్చే రుతుపవనాల విషయంలో మాత్రం తెలియకపోయిందని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు, అమ్మేవారికి అసలే లేదు.

తూర్పున చూడ్డానికి ఏముందని అడిగేవారికి మొదట ఒక పేరు చెప్పాలి. అష్టాదశ శక్తిపీఠాల జాబితాలో మొట్టమొదటి పేరు లంకలోని శాంకరీదేవిది. ఆ పీఠం త్రింకోమలీలో ఉండేదని భక్తుల నమ్మకం. జాబితాలోని అలంపురం, శ్రీశైలం, పిఠాపురం, ద్రాక్షారామం మన గడ్డ మీదే ఉన్నాయి. వాటిని దర్శించుకున్న కుటుంబాలు లంక దాకా వెళ్లి కూడా శాంకరిని చూడకుండా తిరిగొస్తున్నాయంటే, ప్యాకేజీ గీసిన గీత ఎంత ఇరుకుగా ఉందో అర్థమవుతుంది. త్రింకోమలీలో సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ కొమ్మున కోణేశ్వరం గుడి ఉంది. పాత ఆలయాన్ని 17వ శతాబ్దంలో పోర్చుగీసువారు కూల్చి, ఆ రాళ్లను కోటకు వాడుకున్నారు. ఇప్పటి గుడి ఆ కోట లోపలి నుంచి వెళ్తేనే వస్తుంది, పక్కనే శాంకరి సన్నిధి ఉంది. ఊరికి దగ్గర్లో కన్నియా వేడినీటి బావులు ఉన్నాయి. రావణుడు తన తల్లికి అంత్యక్రియలు చేయడానికి వాటిని సృష్టించాడని అక్కడ చెప్పుకుంటారు. ఉత్తరాన ఉప్పువెళి, నీలావెళి ఇసుక తీరాలు. నీలావెళి నుంచి కాసేపు పడవలో వెళ్తే పిజియన్ ఐలాండ్, చుట్టూ పగడపు దిబ్బలు, రంగు చేపలు. దక్షిణంగా బట్టికలోవా దారిలో పాసికుడా వస్తుంది. అక్కడ ఒడ్డు నుంచి చాలా దూరం దాకా నీరు నడుము లోతుకు మించదు, అలలు తక్కువ. ఈత రాని పిల్లలతో వెళ్లేవారికి శ్రీలంకలో ఇంతకన్నా అనువైన తీరం చెప్పడం కష్టం.

తూర్పు తీరం దూరమన్న భయం మ్యాప్ చూడకపోవడం వల్ల వచ్చింది. విమానం దిగేది కొలంబో నగరంలో కాదు, దానికి ఉత్తరాన నెగొంబో పక్కన ఉన్న కటునాయకలో. అక్కణ్నుంచి కొలంబో వైపు పోకుండా నేరుగా కురునేగల, దంబుల్లా మీదుగా వెళ్లొచ్చు. దంబుల్లా గుహాలయాలు, ఐదో శతాబ్దంలో కాశ్యపుడు కోట కట్టిన సిగిరియా బండ, పొలొన్నరువా శిథిల నగరం, అన్నీ ఈ దారిలోవే. దారిలోనే ఉన్న హబరణలో రెండు రాత్రులు, త్రింకోమలీలో మూడు, పాసికుడాలో ఒకటి, తిరుగుదారిలో పొలొన్నరువా చూసుకుని క్యాండీలో ఒకటి. ఎనిమిది రోజుల్లో చరిత్ర, గుడి, సముద్రం అన్నీ కుదురుతాయి, ఏ రోజూ పూర్తిగా కారులోనే గడవదు. డ్రైవరుతో కారు మాట్లాడుకోవడం అక్కడ మామూలే. కొలంబో నుంచి త్రింకోమలీకీ బట్టికలోవాకూ రైలు మార్గాలు కూడా ఉన్నాయి. తమిళులు ఎక్కువగా ఉన్న ప్రాంతం కాబట్టి ఇడ్లీ, దోసె, ఇడియాప్పం దొరికే శాకాహార హోటళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఎండకు తాళలేకే ఊరు వదులుతుంటే మళ్లీ ఎండలోకా అన్నది న్యాయమైన ప్రశ్న. మేలో తూర్పు తీరంలో వేడి ఉంటుంది, మధ్యాహ్నం 33, 34 డిగ్రీలు మామూలు. అయితే విజయవాడ, రామగుండం 44 డిగ్రీలు చూసే రోజులవి. సిగిరియా తెల్లవారే ఎక్కి, పగలు నీడపట్టున ఉండి, సాయంత్రం నీళ్లలో దిగితే పిల్లలకు ఇబ్బంది ఉండదు. చల్లదనమే కావాలనుకునేవారు జనవరిలో నువర ఎలియా వెళ్లడం మేలు. అక్కడికి దగ్గర్లోని సీత ఎలియా గుడి వదులుకోలేనివారు క్యాండీ నుంచి ఒక పగలు వెళ్లి రావచ్చు, వాన సూచన చూసుకుని మాత్రమే. కొండలు చూడకూడదని మా వాదన కాదు, సెలవు మొత్తాన్నీ వాటి మీద పందెం కాయవద్దని.

అంతర్యుద్ధం జరిగిన చోటు కదా అని పెద్దలు వెనకాడతారు. యుద్ధం 2009 మేలో ముగిసింది. పర్యాటకులు తిరిగే తీరాలూ గుళ్లూ చాలాకాలంగా అందరికీ తెరిచే ఉన్నాయి. ఉత్తరాన కొన్ని చోట్ల మందుపాతరల ఏరివేత ఇంకా సాగుతోంది కాబట్టి ఎరగని పొదల్లోకి వెళ్లకుండా నడిచే దారుల్లోనే నడవాలి. అసలు ఈ గతమే మనం అటు వెళ్లడానికి ఇంకో కారణం కావాలి. ఇరవై ఆరేళ్ల యుద్ధం తూర్పు జిల్లాలను పర్యాటకానికి దూరంగా ఉంచింది. 2004 డిసెంబరు 26 సునామీలో దేశం మొత్తం మీద ముప్పై వేల మందికి పైగా చనిపోతే, అందరికన్నా ఎక్కువ నష్టపోయిన జిల్లాల్లో తూర్పునున్న అంపార ఒకటి. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వం విదేశీ అప్పు చెల్లింపులు నిలిపేసినప్పుడు డీజిల్ దొరక్క పడవలు ఒడ్డెక్కాయి. 2024లో శ్రీలంకకు వచ్చిన 20 లక్షల పైచిలుకు పర్యాటకుల్లో నాలుగు లక్షల మందికి పైగా భారతీయులే, అన్ని దేశాలకన్నా మనమే ఎక్కువ. ఇంతమంది పెట్టే ఖర్చు పడమటి పెద్ద హోటళ్ల దగ్గరే ఆగిపోతోంది. తూర్పున ఇంటిపైన మూడు గదులు వేసి అద్దెకిచ్చే కుటుంబానికీ, పిజియన్ ఐలాండ్‌కు పడవ నడిపే జాలరికీ సంపాదన ఉండేది ఈ ఐదారు నెలలే. మన సెలవులు ఆ నెలల్లోనే రావడం ఇరువైపులా మేలు చేసే సంగతి. అంపార జిల్లాలోనూ, అనురాధపురం వైపూ ఇళ్లలో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే అహికుంటక కుటుంబాలున్నాయని కూడా మనవాళ్లు తెలుసుకోవాలి. వాళ్ల వాడలకు కెమెరాలతో వెళ్లమని కాదు, ఆ నేల మనకు పూర్తిగా పరాయిది కాదని గుర్తించమని.

జనం పోటెత్తితే తూర్పు తీరమూ పాడవుతుందన్న మాటను మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. పిజియన్ ఐలాండ్ పగడాలు సందర్శకుల కాళ్ల కింద ఇప్పటికే నలిగాయి. పగడం రాయి కాదు, ప్రాణి. దాని మీద నిలబడి ఫొటో దిగితే ఏళ్ల తరబడి పెరిగింది ఒక్క క్షణంలో విరుగుతుంది. లైఫ్ జాకెట్ వేసుకుని తేలుతూ చూడాలి, ముక్క కూడా ఏరుకోకూడదు. ప్లాస్టిక్ సీసాలు వెనక్కి తెచ్చుకోవాలి. యుద్ధంలో కనిపించకుండా పోయినవారి కోసం ఇంకా ఎదురుచూస్తున్న ఇళ్లు ఆ ఊళ్లలో ఉన్నాయి, వాళ్లను వినోదానికి ప్రశ్నలడగకూడదు. ఈ మాత్రం జాగ్రత్త పాటించలేని గుంపులను తీసుకెళ్లకపోవడమే మంచిదని ఏజెన్సీలతో స్పష్టంగా చెబుతున్నాం.

ఏజెన్సీలు చేయవలసిన పని పెద్దదేమీ కాదు. శ్రీలంక ప్యాకేజీని రెండుగా విడదీయండి: వేసవికి తూర్పు, సంక్రాంతికి పడమర, దక్షిణం. దసరా సెలవుల్లో రెండు వైపులా సాయంత్రాలు ఉరుములతో వాన పడవచ్చని దాచకుండా చెప్పండి. ప్రకటనలో ప్రతి ఊరి పక్కన ఆ నెల వాన ఎలా ఉంటుందో, సముద్రంలో దిగవచ్చో లేదో అచ్చువేయండి. కుటుంబాలూ తమ వంతు పని చేయాలి. వీసా నిబంధనలు ఈ మధ్య పలుమార్లు మారాయి కాబట్టి ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. అడ్వాన్సు కట్టేముందు మీ ఏజెంటును ఒక్క ప్రశ్న అడగండి: మేం వెళ్లే వారంలో ఆ ఊళ్లో వాన ఎలా ఉంటుంది? జవాబు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే డబ్బు కట్టకండి.