ముట్లుడుగు కాలము - మన మౌనము

ఆంధ్రదేశమున స్త్రీల యారోగ్యమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల గర్భిణి, బాలెంత, పసిబిడ్డ - ఈ మూడు మాటలతోనే మన యుపన్యాసములు ముగియుచున్నవి. బిడ్డలను గని, పెంచి, పెద్దచేసిన పిదప ఆ తల్లి దేహమున కేమగుచున్నదో విచారించువారు అరుదు. ముట్లుడుగుట ప్రకృతిసిద్ధము, వ్యాధి కాదు. కాని ఆ సంధికాలమున ఒంటినుండి ఆవిర్లు చిమ్ముట, నడిరేయి చెమటలు పట్టి నిద్ర చెడుట, గుండెదడ, కీళ్లనొప్పులు, మనస్సు నిలుకడ తప్పుట, అటుపిమ్మట ఎముకలు గుల్లబారుట - ఇవి యన్నియు స్త్రీ నోరు మెదపక సహింపవలసిన కర్మఫలములని మన సంఘము తీర్మానించినది. ఇట్టి సంగతులు పత్రికలో చర్చింపదగునా యని కొందఱు సంకోచింతురు. డాక్టరు కె. ఎన్. కేసరిగారు మదరాసునుండి స్త్రీలకై 'గృహలక్ష్మి'ని వెలువరించినది 1928లో. దాదాపు నూఱేండ్లు గడచిన పిమ్మటను మనము సంకోచించుచుండుట మనకు గౌరవము కాదు.

విషయము గ్రహింపరానిది కాదు. స్త్రీ అండకోశములు ఈస్ట్రోజెన్ అను హార్మోనును పుట్టించును. ఋతుక్రమమునకే గాక ఎముకల బలమునకును, రక్తనాళముల యారోగ్యమునకును అది యాధారము. భారతదేశమున సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున ఆ యూట ఇంకిపోవును. ఇంకిన దానిని మాత్రలుగగాని, చర్మమున కంటించు పట్టీలుగగాని, పూతమందుగగాని కొంతవరకు భర్తీచేయుటయే హార్మోను చికిత్స. గర్భాశయమున్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఒక్కటే యిచ్చినచో గర్భాశయపు లోపొర పెరిగి క్యాన్సరునకు దారితీయవచ్చునని 1975లో అమెరికాలో వెల్లడియైనది. కావున అట్టివారికి ప్రొజెస్టిరోన్ జాతి మందును జతచేయుదురు. గర్భాశయము లేనివారికి సాధారణముగ ఆ జత యక్కఱలేదు.

ఈ చికిత్స చరిత్రమంతయు ఒక యుయ్యాల యూపు. చూలిగుఱ్ఱముల మూత్రమునుండి తీసిన 'ప్రెమరిన్' అను మందు 1942లో అమెరికా బజారునకు వచ్చినది. 1966లో న్యూయార్కు వైద్యు డొకడు గ్రంథము వ్రాసి, ముట్లుడుగుటయే ఒక లోపవ్యాధి యనియు, ఈ మందు స్త్రీకి నిత్యయౌవనమును ప్రసాదించు ననియు చాటెను. మందుల కంపెనీల ద్రవ్యము ఆతని సంస్థకు ముట్టిన సంగతి పిమ్మట బయటపడినది. ఇది ఒక యూపు. 2002 జూలైలో ఉయ్యాల రెండవ దెసకు విసరికొట్టినది. గర్భాశయము గల 16,608 మంది స్త్రీలపై రెండు మందుల జతను పరీక్షించుచుండిన 'విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్' పరిశోధనను నడుమనే నిలిపివేసిరి. రొమ్ము క్యాన్సరు నూటికి 26 వంతులు హెచ్చినదని పత్రికలు ఘోషించినవి. దేశదేశములందు స్త్రీలు మాత్రలను పాఱవైచిరి. వైద్యులు కలములను ముడిచిరి.

న్యాయస్థానమున సాక్ష్యమును తూచుట యలవడిన మేము ఆ యంకెనే మఱల తూచి చూతుము. మందు పుచ్చుకొనని పదివేలమందిలో ఏడాదికి 30 మందికి రొమ్ము క్యాన్సరు వచ్చుచుండ, పుచ్చుకొనిన పదివేలమందిలో 38 మందికి వచ్చినది. హెచ్చినది ఎనిమిదిమందికి. ఎనిమిది ప్రాణములు స్వల్పములని మే మనము. కాని 'నూటికి 26' అని చెప్పి 'పదివేలకు 8' అని చెప్పకుండుట నిండు సత్యము కాదు. అంతేకాదు, పరీక్షకు నిలిచిన స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు; వారిలో పెక్కుమందికి ముట్లుడిగి పదేండ్లు దాటినది. ఏబదేండ్ల స్త్రీ బాధకు ఆ ఫలితములను యథాతథముగ వర్తింపజేయుట ఒకరి మీది తీర్పును వేఱొకరిపై అమలు జరపుట వంటిది. గర్భాశయము లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే యిచ్చిన రెండవ పరీక్షలో పక్షవాతము హెచ్చుటచే 2004లో దానిని నిలిపిరి గాని, రొమ్ము క్యాన్సరు హెచ్చలేదు. పదునెనిమిదేండ్ల పిదప, 2017లో లెక్కలు చూడగా, ఈ పరీక్షలలో మందు పుచ్చుకొనినవారికిని పుచ్చుకొననివారికిని మొత్తము మరణములలో భేదము కానరాలేదు.

ఇప్పటి వైద్యశాస్త్ర నిర్ణయ మిది: అఱువదేండ్లలోపు వయస్సుండి, లేదా ముట్లుడిగి పదేండ్లు దాటక, బాధలు పీడించుచున్న ఆరోగ్యవతికి ఈ చికిత్సవలన మేలే హెచ్చు. రొమ్ము క్యాన్సరు వచ్చినవారికిని, రక్తము గడ్డకట్టు వ్యాధి, పక్షవాతము, గుండెపోటు వచ్చినవారికిని, కాలేయము చెడినవారికిని ఇది సాధారణముగ తగదు. ముట్లుడిగిన పిమ్మట రక్తము కనబడినచో కారణము తేలువఱకు దీనిని ముట్టరాదు. రెండు మందుల జతను చిరకాలము వాడినచో రొమ్ము క్యాన్సరు భయము కొంత పెరుగును, దానిని దాచరాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లో ఈ మందులపై ముద్రింపించిన తీవ్రమైన హెచ్చరికలలో పెక్కింటిని తొలగింప నిశ్చయించినట్లు 2025 నవంబరులో ప్రకటించినది. ఉయ్యాల మఱల మొదటి దెసకు పోకుండ చూచుకొనుట వివేకుల పని. ఇది అమృతము కాదు, విషమును కాదు. మనిషిని చూచి, తూకము చూచి యిచ్చు మందు.

ఇంతవఱకు చెప్పినది సహజముగ ముట్లుడిగినవారి సంగతి. మన తెలుగునాట ప్రకృతి గడువిచ్చినను మానవుడు గడువీయని స్త్రీలు వేలకొలది యున్నారు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీసివేయబడినవారు దేశమంతట నూటికి 3.3. ఆంధ్రప్రదేశమున 8.7, తెలంగాణమున 8.2. ఇందు మనకే యగ్రస్థానము! ఏ విషయమున ముందుండవలయునో ఆ విషయమున వెనుకబడి, ఏ విషయమున వెనుకనుండవలయునో ఆ విషయమున ముందునిలుచుట మన దౌర్భాగ్యము. దేశమున ఈ శస్త్రచికిత్సలలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరుగుచున్నవి. అధిక రక్తస్రావమే కారణమని చెప్పినవారు హెచ్చు. రక్తస్రావమునకు మందులు కలవు. గర్భాశయములో నమర్చు సాధనములు కలవు. వానిని చూపకయే కత్తి పట్టుట ఎలుకలపై కోపమున ఇంటికి నిప్పుపెట్టుట కాదా?

గర్భాశయముతోపాటు రెండు అండకోశములను తీసివేసినచో ఆ స్త్రీకి ఒక్క దినముననే ముట్లుడుగు కాలము ప్రాప్తించును. అండకోశముల నుంచినను కొందఱికి అవి ముందుగనే యుడుగును. ముప్పదియైదేండ్ల కూలిస్త్రీ యెముకలు పదేండ్లు ముందుగ గుల్లబారును. గుండెజబ్బు భయము ముందుగ దాపురించును. ఇట్టివారికి, అడ్డంకి యేదియు లేనిచో, సహజముగ ముట్లుడుగు వయస్సు వఱకైనను హార్మోనుల నీయవలయునని వైద్యశాస్త్రము స్పష్టముగ చెప్పుచున్నది. అఱువదిమూడేండ్ల అమెరికా స్త్రీల పరీక్ష వీరికి వర్తింపదు. మందు అందఱికంటె హెచ్చుగ అవసరమైనది వీరికే. దాని పేరైనను చెవిని పడనిదియు పెక్కుసార్లు వీరికే. గ్రామసీమల తిరుగు మా సేవాదళమువారికి పలుమార్లు వినవచ్చు మాట యొక్కటే: 'గర్భసంచి తీసినారండీ.' అండకోశము లుంచిరా, తీసిరా యని యడిగిన జవాబు లేదు. తన దేహమున నేమున్నదో, ఏమి పోయినదో తనకే తెలియని స్థితి దాస్యము కాక మఱేమి?

ఇది కేవలము వైద్యుల దయాధర్మములకు సంబంధించిన విషయము కాదు, హక్కునకు సంబంధించినది. పరీక్షకై మత్తుమందు పుచ్చుకొనిన 44 ఏండ్ల స్త్రీకి, ఆమె యనుమతి లేక, తల్లి యనుమతితో గర్భాశయమును, అండకోశములను తీసివేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పుచు, తెలివిగల స్త్రీ దేహముపై సమ్మతి ఆమెదే యనియు, చికిత్స స్వరూపమును, ఫలితములను, ప్రత్యామ్నాయములను తెలిపిన పిమ్మట పొందినదే సమ్మతి యనియు నిర్ణయించినది. అనవసర గర్భాశయ శస్త్రచికిత్సలను నివారింప కేంద్రప్రభుత్వము 2022లో మార్గదర్శకములను వెలువరించినది. మూడు మాసములలో వానిని స్వీకరింపుడని 2023 ఏప్రిలు 5వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రముల నాజ్ఞాపించినది. శాసనము కలదు, తీర్పు కలదు. కొఱవడినది అడుగు గొంతుక.

'చదువురాని స్త్రీకి ఇదంతయు చెప్పిన బోధపడునా? మాకు తీరికయేది?' అను వైద్యులు కలరు. విత్తనముల మొలక నెంచి, ఎరువుల ధర నెంచి, వడ్డీ లెక్క వేళ్లపై కట్టి కాపురము నీడ్చు స్త్రీకి తన యెముకల సంగతి బోధపడదా? ఓటుకు పనికివచ్చు వివేకము ఒంటికి పనికిరాదా? బోధపడనిది ఆమెకు కాదు. బోధపఱచు భాష మనవద్ద లేదు. ఆసుపత్రి సమ్మతిపత్రము ఆంగ్లమున నుండి, వ్రేలిముద్ర మాత్రము తెలుగు స్త్రీదై యుండుట ఎన్నాళ్లు?

కావున మేము కోరునవి మూడు. మొదటిది: గర్భాశయము తీయుటకు ముందు వేఱు చికిత్సలేవి, అండకోశములుంతురా తీయుదురా, తరువాత నేమగును - ఈ మూడును తెలుగున వ్రాసి, చదివి వినిపించి, పిమ్మట సమ్మతి గైకొనవలయును. రెండవది: ఇంటికి పంపునపుడిచ్చు కాగితమున ఏది తీసిరో తెలుగున నుండవలయును, నలువదియైదేండ్లలోపువారికి హార్మోను చికిత్సను గూర్చిన సలహా తప్పక యుండవలయును. మూడవది: ఏ యాసుపత్రిలో, ఏ వయస్సువారికి, ఏ కారణమున ఎన్ని శస్త్రచికిత్సలు జరిగినవో ప్రతి జిల్లా ప్రజలకు ప్రకటింపవలయును.

సోదరీమణులారా! గర్భసంచి తీయించుకొనినవారు మీ పాత కాగితములను వెదకి, ఏది పోయినదో వైద్యుని అడుగుడు; సహజముగ ముట్లుడిగి బాధపడువారు 'నాకీ చికిత్స తగునా, తగదా, ఎందువలన?' యని అడుగుడు. తగదనిన కారణము వినుడు. తగుననిన ప్రమాదము వినుడు. మందుల యంగడివాని మాటపై మాత్రము కొని మ్రింగకుడు. సోదరులారా! ఇంటిలో ఆమె చిరాకును పరిహసించుట మాని, ఆమె వెంట ఆసుపత్రికి నడువుడు. దేశమునకు స్వరాజ్యము వచ్చినది 1947లో. తన దేహముపై తనకు స్వరాజ్యము ప్రతి తెలుగు తల్లికి సిద్ధించునందాక ఆ కార్యము మిగిలియున్నదనియే మా మతము.