యజమాని కావాలా, ముతవల్లీ కావాలా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల విద్యార్థులలో క్రికెట్టు మీద ఉన్నంత మక్కువ కాకపోయినా, ఫుట్‌బాల్ మీద అభిరుచి నానాటికీ పెరుగుతున్నది. మాంచెస్టర్, మాడ్రిడ్, బార్సిలోనా జట్ల ఆటగాళ్ల పేర్లు వీరికి కంఠస్థం. ఏ ఆటగానిని ఎన్ని కోట్లకు కొన్నారో కూడా తడుముకోకుండా చెప్పగలరు. అయితే ఆ కోట్లు ఎవరివి, ఎక్కడి నుండి వచ్చినవి, రేపు ఆ ధనికుడు తప్పుకొంటే ఆ జట్టు గతి ఏమిటి అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినవస్తుంది. ఆ ప్రశ్నను విద్యార్థి సోదరీ సోదరుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యజమాని సంపద వేరు, క్రీడా సంఘం సంపద వేరు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడమే సకల అనర్థాలకు మూలం. అరువు సొమ్ము బరువు చేటు అన్నది మన పెద్దల మాట. బంగారు వర్తకానికి పేరొందిన ప్రొద్దుటూరు వారికి ఈ సామెత అర్థాన్ని విడమరచి చెప్పనక్కర లేదు. ఒంటి మీద నగ ఎంత మెరసినా, అది ఎవరిదన్నదే అసలు విషయం.

ఇందుకు దూరదేశాల నిదర్శనాలు వెదకనక్కర లేదు. పూణే నగరపు జట్టు మూతబడగా, దాని స్థానంలో 2019లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ అవతరించింది. మొదటి ఏడు ఇండియన్ సూపర్ లీగ్‌లో అట్టడుగున నిలిచినా, మనోలో మార్కెజ్ శిక్షణలో త్వరలోనే తేరుకొన్నది. 2022 మార్చి 20న గోవాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి విజేత అయినది. ఆ మరుసటి ఏడు లీగ్ దశలో రెండవ స్థానం పొందినది. ఇంతటి జట్టు 2023-24 నాటికి జీతాల బకాయిలలో చిక్కుకొన్నది. కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని అంతర్జాతీయ సమాఖ్య నిషేధం విధించింది. విదేశీయులు, స్వదేశీయులు ఒకరి వెనుక ఒకరు వెడలిపోగా, మిగిలిన చిన్న వయసు కుర్రవాళ్లతో ఆడి, ఆ ఏడు ఒకే ఒక్క గెలుపుతో అట్టడుగుకు చేరినది. 2024లో యాజమాన్యం చేతులు మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, పేరు కూడా మార్చుకొన్నది. విజేతగా నిలిచిన మూడేళ్లకే హైదరాబాద్‌కు ఆ జట్టు లేకుండా పోయినది. అభిమానులను అడిగిన వారు లేరు. అడగవలసిన అవసరమూ చట్టరీత్యా లేదు.

ఇదే నగరం అంతకు ముందు క్రికెట్టులోను ఇట్టి అనుభవమే చవిచూసింది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ ఛార్జర్స్ జట్టు, యజమాని సంస్థ ఆర్థికంగా కుంగిపోవడంతో 2012లో రద్దయినది. క్రికెట్టుకు కాసులు కొల్లలు గనుక వేరొక సంస్థ, వేరొక పేరుతో వెంటనే ముందుకు వచ్చినది. ఫుట్‌బాల్‌కు ఆ అదృష్టం లేకపోయినది.

సంపన్న దేశాలలో కూడా పరిస్థితి భిన్నంగా లేదు. లండన్‌లోని చెల్సీ క్లబ్‌ను రష్యా కుబేరుడు అబ్రమోవిచ్ 2003లో కొన్నాడు. అతడు అప్పుగా పోసిన ధనంతో ఆ క్లబ్ ఐరోపా విజేత అయినది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం కారణంగా బ్రిటిష్ ప్రభుత్వం అతని ఆస్తులను స్తంభింపజేయగా, అంతటి క్లబ్ కొత్తగా టిక్కెట్లు అమ్ముకొనే వీలు లేని స్థితికి వచ్చినది. పెద్ద క్లబ్ గనుక కొనేవారు దొరికారు. 1885లో పుట్టి, రెండు మార్లు ఎఫ్.ఏ. కప్ గెలిచిన బరీ అనే చిన్న క్లబ్‌కు ఎవరూ దొరకలేదు. అప్పులు తీర్చే స్తోమత చూపలేకపోయినందున 2019 ఆగస్టులో దానిని లీగ్ నుండి బహిష్కరించారు. దాని మైదానాన్ని తిరిగి సంపాదించి, జట్టును మళ్లీ నిలబెట్టినది ఆ ఊరి అభిమానులే.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఇంతకంటె గట్టి పునాది ఒకనాడు ఉండేది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మార్లు రోవర్స్ కప్ గెలిచినది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ కూడా తెచ్చినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం, జుల్ఫికరుద్దీన్ మొదలగు హైదరాబాద్ వారు ఉన్నారు. ఆ పోలీసు ఆటగాళ్లకు కోట్లు లేవు. కాని నెల తిరిగేసరికి జీతం ఉండేది, ఆట ముగిసిన తరువాత కూడా ఉద్యోగం ఉండేది. ఒక ధనికుని ఉత్సాహం మీద గాక, ఒక వ్యవస్థ మీద ఆ జట్టు ఆధారపడి ఉండేది. ఆ ఆసరా సన్నగిల్లిన కొలదీ ఆ వైభవం కూడా సన్నగిల్లినది.

మరి పరిష్కారం ఏమి? మన సంప్రదాయంలోనే ఇందుకు ఒక మార్గం కలదు. వక్ఫు చేసిన ఆస్తికి ముతవల్లీ ఉంటాడు గాని యజమాని ఉండడు. ముతవల్లీ దానిని కాపాడవచ్చు, పెంపొందించవచ్చు, అమ్ముకొనరాదు. దేవాలయ మాన్యాలకు గల ధర్మం కూడా ఇట్టిదే. ఒక ఊరి పేరు పెట్టుకొని, ఆ ఊరి ప్రజల అభిమానంతో ఎదిగిన జట్టు కూడా ఇట్టి ఉమ్మడి ఆస్తియే అని నా అభిప్రాయం. జర్మనీలో కొన్ని మినహాయింపులు ఉన్నా, క్లబ్ ఓట్లలో సగానికి మించిన భాగం సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం 1998 నుండి అమలులో ఉన్నది. ధనికుడు పెట్టుబడి పెట్టవచ్చు. జట్టును మూటగట్టి మరొక ఊరికి తీసుకొనిపోలేడు.

ధనికులు లేనిదే గొప్ప ఆటగాళ్లు ఎట్లా వస్తారని కొందరు అడుగవచ్చు. ధనికులు రావలసినదే, కాని ఏడాదికి సరిపడు జీతాల మొత్తాన్ని ముందుగా బ్యాంకులో జమకట్టి మరీ రావలెను. చెమట ఆరక మునుపే కూలి చెల్లించాలన్న ధర్మం కూలివానికి ఎంత వర్తిస్తుందో ఆటగానికీ అంతే వర్తిస్తుంది.

సభ్యుల యాజమాన్యం ఒక్కటే చాలునని కూడా అనలేము. బార్సిలోనా సభ్యుల క్లబ్బే. అయినా ఆదాయానికి మించి జీతాలు ఒప్పుకొని, నూరు కోట్ల యూరోలు దాటిన అప్పులో మునిగి, 2021లో మెస్సీ అంతటి వానిని వదులుకొన్నది. వక్ఫు ఆస్తులు సైతం లెక్క అడిగేవారు లేనిచోట అన్యాక్రాంతమైన సంగతి మనం ఎరుగుదుము. హిసాబు లేనిచోట ఏ ఏర్పాటూ నిలువదు. అందుకే ఐరోపా సమాఖ్య ఆటగాళ్ల మీద చేసే ఖర్చు ఆదాయంలో నూటికి 70కి మించరాదన్న నియమం తెచ్చినది.

ఇదంతా మనకెందుకని భావించరాదు. మన ఊళ్లలో టోర్నమెంట్లు తరచు ఒక్క దాత దయ మీదనే నడుస్తాయి. దాత ఉన్న ఏడు షామియానాలు, వెండి కప్పులు. లేని ఏడు గోలు స్తంభాలకు వల కూడా ఉండదు. కమిటీ పెద్దలకు నా మనవి మూడు మాటలు. క్రీడా నిధి జమాఖర్చులను ప్రతి సంవత్సరం నోటీసు బోర్డు మీద ఉంచవలెను. దాతలిచ్చిన దానిలో కొంత భాగాన్ని ఖర్చు చేయక మూలధనంగా నిలువ చేయవలెను. ఆ లెక్కలు చూచే సంఘంలో ఇద్దరు విద్యార్థులకు చోటు ఇవ్వవలెను. నేడు వంద రూపాయల పద్దు రాయడం నేర్చిన విద్యార్థియే రేపు కోట్ల రూపాయల క్లబ్‌ను లెక్క అడుగగలడు.