అందరూ అడ్మిన్లే

మన ఊళ్ళలో చిన్న ఆఫీసుల సర్వర్ చాలాచోట్ల ఓనర్ గారి టేబుల్ కింద, యూపీఎస్ పక్కన ఉంటుంది. 'ఆపరాదు' అని స్కెచ్ పెన్నుతో రాసిన కాగితం స్విచ్ మీద అంటించి ఉంటుంది. సిస్టమ్‌లు బిగించే కుర్రాడు వచ్చి అందులోని డి డ్రైవ్‌ను అందరికీ షేర్ చేస్తాడు. మిగతా సిస్టమ్‌లలో దాన్నే జెడ్ డ్రైవ్‌గా కనిపించేలా పెట్టి, బిల్లు తీసుకుని వెళ్ళిపోతాడు. ట్యాలీ తెరుచుకుంది, ప్రింట్ వచ్చింది, ఇక నెట్‌వర్క్ అయిపోయిందని ఓనర్ అనుకుంటాడు. కాలేదంటాను నేను. కేబుల్ కలిపింది యంత్రాలనే. ఏ యంత్రం ముందు ఎవరు కూర్చున్నారో సర్వర్‌కు తెలిస్తేగదా అది నెట్‌వర్క్!

ఇది చాదస్తమని కొట్టిపారేయకండి. కంపెనీగా రిజిస్టరైన సంస్థలు 2023 ఏప్రిల్ 1 నుంచి వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపేసే వీలు ఉండకూడదు. ఇది ప్రభుత్వ నిబంధన. సాఫ్ట్‌వేర్ తన పని చేస్తూనే ఉంది. కానీ విండోస్‌లో అందరూ అడ్మినే, ట్యాలీలోనూ అందరిదీ ఒకే యూజరే. మార్చిలో కొట్టిన ఓచర్‌ను జూన్‌లో దిద్దిందెవరని ఆడిటర్ అడిగితే లాగ్ ఏం చెబుతుంది? 'అడ్మిన్' అంటుంది. సీట్లలో ఉన్న అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

సరిగ్గా ఇలాంటి ఆఫీసుల కోసమే మైక్రోసాఫ్ట్ ఒకప్పుడు స్మాల్ బిజినెస్ సర్వర్ అమ్మింది. 2003 వెర్షన్ గరిష్ఠంగా 75 మందికి సరిపోయేది. ఉద్యోగి సిస్టమ్‌లో బ్రౌజర్ తెరిచి, సర్వర్ పేరు పక్కన 'కనెక్ట్‌కంప్యూటర్' అని కొడితే చాలు, ఈ సిస్టమ్ ఎవరిదని అదే అడిగేది. పేరు ఎంచుకుంటే డొమైన్‌లో, అంటే అందరి లాగిన్లనూ సర్వర్ ఒక్కచోటే చూసుకునే ఏర్పాటులో, చేర్చేది, పాత డెస్క్‌టాప్‌ను కొత్త లాగిన్‌కు అప్పగించేది కూడా. 2011 వెర్షన్‌తో ఆ సరుకు ఆపేశారు. క్లౌడ్‌లో నెలనెలా అద్దె వస్తుంటే పెట్టె ఎందుకు అమ్ముతారు లెండి.

ఇప్పుడు ఆ చేర్చే పని చేత్తో చేయాలి. గొడవలన్నీ అక్కడే. మొదటిది, షాపులో చవగ్గా కొన్న ల్యాప్‌టాప్‌లో ఉండేది విండోస్ హోమ్. అది డొమైన్‌లో చేరనే చేరదు, ప్రో కావాలి. ఈ సంగతి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. రెండోది డీఎన్ఎస్, అంటే పేరు చెబితే అడ్రసు వెతికిపెట్టే సర్వర్‌ను రాసే గడి. ఇంటర్నెట్ వస్తే చాలుననుకుని కుర్రాళ్ళు అలవాటుగా గూగుల్ వాళ్ళ 8.8.8.8 కొట్టేస్తారు. మన ఆఫీసు డొమైన్ సంగతి గూగుల్‌కేం తెలుసు? ఆ గడిలో ఉండాల్సింది మన సర్వర్ అడ్రసు. 'సెకండరీగా ఉంటే తప్పేముంది' అని రెండో గడిలో గూగుల్‌ను పెట్టినా తంటానే. ఒకరోజు లాగిన్ చటుక్కున అవుతుంది, ఇంకోరోజు కాఫీ తాగొచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇక పాత సీపీయూలో మదర్‌బోర్డు మీది సెల్ అయిపోతే, కరెంటు పోయొచ్చినప్పుడల్లా గడియారం వెనక్కి వెళుతుంది. సర్వర్ టైముకూ దానికీ అయిదు నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్‌కు చిక్కే. రూపాయల్లో పోయే సెల్‌కు కొన్నిచోట్ల విండోస్ మొత్తం ఫార్మాట్ కొట్టేస్తారు.

అసలు రభస మాత్రం చేర్చిన మర్నాడు ఉదయం. కొత్త పేరుతో లాగిన్ కాగానే డెస్క్‌టాప్ బోసిగా కనిపిస్తుంది. 'నా ఫైళ్ళన్నీ పోయాయండీ' అని అకౌంటెంట్ గారు గగ్గోలు పెడతారు. పోలేదు. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిస్తే పాత పేరు కింద భద్రంగానే ఉంటాయి. వాటిని కొత్త పేరుకు మార్చడానికి సీటుకు అరగంటో గంటో పడుతుంది. ఆ ఓపిక లేకే చాలామంది పాత పద్ధతికి పోతారు, అడ్మిన్ మళ్ళీ రాజ్యమేలుతుంది.

పది మందికి ఇంత హంగామా అవసరమా అని అడుగుతారు. ఉద్యోగి మానేసిన రోజు సంగతి చూడండి. పేర్లు విడిగా ఉన్నచోట సర్వర్‌లో అతని ఖాతా ఒక్కటి ఆపేస్తే, ఏ సీటు నుంచీ లోపలికి రాలేడు. అందరూ అడ్మిన్లే అయినచోట అన్ని సిస్టమ్‌ల పాస్‌వర్డూ మార్చాలి. మార్చరు. సంస్థ పేరు, పక్కన 123, అదే నడుస్తుంది. క్లౌడ్‌కు వెళ్ళినా, ఒకే మెయిల్ ఐడీని అందరూ పంచుకునేచోట ఇదే కథ. అందుకే బిల్లు కట్టేముందు ఎన్ని పాయింట్లు లాగావని కాదు, ఎన్ని పేర్లు సృష్టించావని ఆ కుర్రాణ్ణి అడగండి.