సీ నిండింది.. డీ జాగ్రత్త!

పెళ్లిళ్ల సీజన్. ఊళ్లో ఉన్న ఒక్క ఫొటో స్టూడియోలో ఆల్బమ్ డిజైన్ సగంలో ఉండగా కంప్యూటర్ మొరాయించింది. చూస్తే సీ డ్రైవ్ గీత ఎర్రబడింది. ఖాళీ లేదు! పక్కనే డీ డ్రైవ్‌లో బోలెడంత జాగా. కాకపోతే మూడేళ్లుగా తీసిన పెళ్లి ఫొటోలన్నీ ఉన్నదీ అందులోనే. 'డీలోంచి కాస్త తీసి సీకి కలిపేస్తే పోలా?' అనిపిస్తుంది ఎవరికైనా.

కలపొచ్చు. తొందరపడితేనే కొంప మునుగుతుంది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో సీని పెంచాలంటే పార్టిషన్ మ్యాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాల్సి వచ్చేది. 2007లో వచ్చిన విస్టా నుంచీ ఆ సదుపాయం విండోస్‌లోనే ఉంది. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరిస్తే డ్రైవ్‌లన్నీ వరసగా గళ్లలా కనిపిస్తాయి. 'ష్రింక్ వాల్యూమ్' అంటే తగ్గించడం, 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' అంటే పెంచడం. ఇంతవరకూ సులువే.

చిక్కల్లా ఇక్కడే. డీని ఓ 50 జీబీ తగ్గించారనుకుందాం. ఆ ఖాళీ డీకి కుడివైపు చివర్లో వస్తుంది. సీ పెరగాలంటేనేమో ఖాళీ సరిగ్గా దాన్ని ఆనుకుని కుడివైపునే ఉండాలి. మన పొలానికీ కొన్న చెక్కకీ మధ్య వేరేవాళ్ల మడి ఉంటే గట్టు జరపగలమా? ఇదీ అంతే. అందుకే 'ఎక్స్‌టెండ్' అన్న మాట మసకగా ఉండిపోతుంది, ఎంత నొక్కినా పలకదు. సరిగ్గా అప్పుడే విసుగుతో డీ మీద 'డిలీట్ వాల్యూమ్' నొక్కేస్తారు. విండోస్ ఓసారి హెచ్చరిస్తుంది కూడా. హడావుడిలో దాన్ని చదివేదెవరు?

డీని తీసేయడం తప్పు కాదు, ఖాళీ చేయకుండా తీసేయడమే తప్పు. ముందు అందులో ఉన్నవన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయాలి. అదే డిస్క్‌లోని ఈ డ్రైవ్‌లోకి చేసి 'బ్యాకప్ అయింది' అనుకుంటే లాభం లేదు. డిస్క్ పోతే రెండూ పోతాయి. కాపీ పూర్తయిందన్న సందేశం చూసి మురిసిపోకండి. ఫోల్డర్ సైజులు సరిపోల్చి, ఆ బయటి డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఓ పది ఫొటోలు, రెండు వీడియోలు తెరిచి చూడండి. ఆ తర్వాతే డీని తీసేసి, సీని కావాల్సినంత పెంచి, మిగిలిన చోట కొత్త డ్రైవ్ చేసుకోవచ్చు. దానికి మళ్లీ 'డీ' అక్షరమే ఇవ్వండి. పాత ఆల్బమ్ ఫైళ్లు ఫొటోల కోసం ఆ దారిలోనే వెతుక్కుంటాయి మరి!

కొన్ని కంప్యూటర్లలో సీ పక్కనే చిన్న 'రికవరీ' గడి అడ్డుగా ఉంటుంది. దాన్ని జరపడం డిస్క్ మేనేజ్‌మెంట్ వల్ల కాదు. బయటి సాఫ్ట్‌వేర్లు జరుపుతాయి. అవి డీని కూడా ఖాళీ చేయకుండానే పక్కకు నెట్టగలవు. అయితే అందులోని డేటాను ముక్కముక్కగా ఎత్తి వేరేచోట పెడతాయి కాబట్టి గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయిందా.. అటూ ఇటూ కాకుండా పోతుంది. యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోవద్దు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీయొద్దు. బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసిపెట్టుకుని, తాళాన్ని తాత్కాలికంగా ఆపించాలి.

మధ్యలో 'డైనమిక్ డిస్క్‌గా మార్చమంటారా?' అని అడిగితే మాత్రం 'ఎస్' అనకండి. రెండు డిస్క్‌లను కలిపి ఒకే డ్రైవ్‌గా చేస్తే జాగా పెరిగిన మాట నిజమే. కానీ వాటిలో ఏ ఒక్కటి చెడిపోయినా మొత్తం డ్రైవ్ పోయినట్టే.

ఇంత తంటా ఎందుకనుకుంటే పెద్ద ఎస్‌ఎస్‌డీ కొని పాత డిస్క్‌ను దానిలోకి క్లోన్ చేయించుకోవడం మేలు. పాతది అలాగే ఉంటుంది కాబట్టి అదే బ్యాకప్. ఒక్కటే భయం.. ఏది పాతదో ఏది కొత్తదో తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడుతుంది! నొక్కేముందు డిస్క్ సైజులు రెండుసార్లు చూసుకోవాలి.

ఇప్పటికే డీని చెరిపేసినవాళ్లు కంగారుపడి సీని పెంచేయొద్దు. కొత్త డ్రైవ్ చేసి ఫార్మాట్ కొట్టొద్దు. చాలావరకు హార్డ్‌డిస్క్‌ల్లో చెరిగేది చిరునామానే, సరుకు కాదు. కొత్తవి వచ్చి మీద పడేదాకా దొరికే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ ఆశ తక్కువ. కంప్యూటర్ ఆపేసి, డేటా రికవరీ తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి.

అన్నీ సవ్యంగా జరిగి, ఫొటోలు కొత్త డీలోకి చేరినా బయటి డిస్క్‌లోని కాపీని వెంటనే తుడిచేయకండి. కనీసం పెళ్లివారు వచ్చి ఆల్బమ్ పట్టుకెళ్లేదాకా ఉండనివ్వండి.